టెన్‌పిన్ బౌలింగ్‌లో మూడో గేమ్‌కి స్ట్రైకులెందుకు తగ్గుతాయి?

ప్రశ్న: నాది కుడిచేతి వాటం. రియాక్టివ్ రెజిన్ బాల్‌ని 500 గ్రిట్ ప్యాడ్‌తో (గ్రిట్ అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) గరుకు చేయించాను. మొదటి గేమ్‌లో స్ట్రైకులు (ఒకే బాల్‌తో పది పిన్నులూ పడటం) బాగా పడతాయి. మూడో గేమ్‌కి బాల్ నేరుగా అన్నిటికన్నా ముందుండే హెడ్ పిన్‌ మీదికి పోతోంది, పాకెట్‌లో (1, 3 పిన్నుల మధ్య) తగిలినా కుడి మూలనున్న పదో పిన్ నిలబడుతోంది. కొత్త బాల్ కొనాలా?

జవాబు: అక్కర్లేదు. మారింది లేన్, అంటే బాల్ దొర్లే నూనె పూసిన దారి. బాల్ వెళ్లిన దారిలో నూనెను ప్రతిసారీ కొంత పీల్చుకుపోతుంది. నూనె పలచబడిన చోట గరుకు బాల్‌కి ముందే పట్టు దొరికి, తొందరగా తిరిగిపోతుంది. పిన్నుల దగ్గరికి చేరేసరికి ఊపు ఉండదు.

ఈసారి పదో పిన్‌కి ముందున్న ఆరో పిన్‌ని గమనించండి. అది పదో పిన్‌ని కొట్టకుండా పక్కనున్న గట్టర్‌లో (లేన్ అంచు కాలువలో) నీరసంగా వాలిపోతే, బాల్ ఊపు ముందే అయిపోయినట్టే.

మొదట పాదాలు 2 బోర్డులు (లేన్ పొడవునా ఉండే సన్నటి పలకలు), గురి 1 బోర్డు ఎడమకు జరపండి. చాలకపోతే మళ్లీ అంతే. అయినా నీరసంగానే తగిలితే ఉపరితలం మార్చాలి: 2000 లేదా 3000 గ్రిట్ వరకు నునుపు చేస్తే బాల్ మరికొంత దూరం జారి, ఆఖర్న పదునుగా తిరుగుతుంది. పోటీలకైతే ఈ పని ముందే చేసుకోండి, ఆట మొదలయ్యాక రుద్దనివ్వరు.

బాల్ ఎక్కడ తిరగాలో తేల్చుకోవడానికి లేన్‌మీద నూనె పూసిన పొడవులోంచి (అడుగుల్లో) 31 తీసేయండి. 40 అడుగులైతే కుడి నుంచి 9వ బోర్డు దగ్గర. ఇది అంచనాయే, కానీ మంచి అంచనా. వేసిన ప్రతిసారీ బాల్‌ని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం మాత్రం మానొద్దు.