అకారా నూనెలో పరుచుకుపోతుంటే

అకారా (అలసందల పిండితో నైజీరియాలో వేసే గారెల్లాంటి వంటకం) నూనెలో వేయగానే అట్టులా పరుచుకుని నూనె పీల్చేస్తోందన్నారు, గట్టిపడాలని శనగపిండి కూడా కలిపారన్నారు. ఆ శనగపిండి మానేయండి, రుచి బజ్జీ వైపు పోతుంది. అసలు తేడా నీళ్ల దగ్గర, ఉప్పు వేసే వేళ దగ్గర వస్తోంది.

250 గ్రాముల అలసందలు 10 నిమిషాలు నానబెట్టి, చేతులతో పులిమి పొట్టంతా తీసేయండి. ఆ పప్పు ఇంకో 2 గంటలు నానాక నీళ్లు పూర్తిగా వంపేసి రుబ్బండి. మిక్సీ తిరగనని మొరాయిస్తే చెంచా చెంచాగా పోయండి, అర కప్పు దాటొద్దు.

మినప్పిండికుండే జిగురు దీనికి లేదు, గాలి మనమే ఎక్కించాలి. చేత్తో ఒకే వైపు 5-6 నిమిషాలు గిలకొడితే పిండి తెల్లబడి ఉబ్బుతుంది. గారెల పిండిలాగే చిన్న ముద్ద నీళ్లలో తేలాలి. అది తేలేదాకా మూకుడు జోలికి పోకండి.

ఉల్లి, మిరప (నైజీరియాలో అయితే రోడో అనే ఘాటైన గుండ్రటి మిరప), ఉప్పు నూనె కాగాకే కలపాలి. ఉప్పు తగిలితే ఉల్లి నీరు వదిలి పిండి జారుతుంది. అందుకే ఒక వాయికి సరిపడా పిండే తీసి కలుపుకోండి.

నూనె మూడు వేళ్ల లోతుండాలి. ఉల్లిముక్క వేస్తే వెంటనే తేలి చిటపటలాడాలి, నల్లబడకూడదు. గుడ్డు అక్కర్లేదు. తోడుకి ఓగి, అంటే పులిసిన మొక్కజొన్న జావ, పల్చగా కాచుకోండి.