పాత ఎస్ప్రెస్సో మిషన్‌లో నిమ్మ ఉప్పు పోసేముందు

ప్రశ్న: లండన్ వచ్చి మూడు నెలలైంది. సెకండ్ హ్యాండ్‌లో గాజియా క్లాసిక్ కాఫీ మిషన్ తక్కువ ధరకి దొరికింది. లోపల సున్నం పట్టి ఉంటుందంటున్నారు. ఇండియన్ షాపులో అమ్మే నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి పోస్తే పోతుందా?

జవాబు: పోతుంది. అయితే ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది బాయిలర్ ఏ లోహంతో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు అది తేల్చుకోండి. 2015కి ముందు వచ్చిన గాజియా క్లాసిక్‌లలో బాయిలర్ అల్యూమినియంది. ఆ తర్వాత కొన్నేళ్లు స్టీలు వచ్చింది, 2019లో వచ్చిన క్లాసిక్ ప్రోలో మళ్లీ అల్యూమినియమే. రాన్సిలియో సిల్వియా అనే ఇంకో కంపెనీ మిషన్ అయితే ఇత్తడి. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లమే, అల్యూమినియంని ఆమ్లం తినేస్తుంది. సున్నం కరిగాక ఇంకా ఆమ్లం మిగిలి ఉంటే అది లోహం మీద పడుతుంది. రాత్రంతా నానబెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి.

లండన్ నీళ్లు సుద్దరాతి నేలల్లోంచి వస్తాయి. చాలా పేటల్లో లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటిన కఠినత్వం, అంటే కరిగిన సున్నం, ఉంటుంది. మన దగ్గర బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లగా గార కట్టినట్టే ఇక్కడ బాయిలర్‌కీ కడుతుంది. గ్లాస్గోలో వాడిన మిషనైతే పదేళ్లదైనా లోపల శుభ్రంగా ఉండొచ్చు, అక్కడి నీళ్లు అంత మెత్తన, అంటే సున్నం తక్కువ. అందుకే అమ్మినవాళ్లని ఏ ఊళ్లో వాడారో తప్పకుండా అడగండి.

ప్లగ్ పెట్టేముందు వైరు ఎక్కడైనా కాలిందా, చిట్లిందా చూడండి. ప్లగ్‌లో 13 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. ఆన్ చెయ్యగానే ఇంటి ఆర్‌సీడీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతే దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తి ప్రయత్నించకండి. హీటర్‌లోకి తేమ చేరి ఉండొచ్చు, వైరింగ్ తడిసి ఉండొచ్చు. అది సున్నం తీస్తే పోయే జబ్బు కాదు, రిపేరు చేసేవాళ్లకి చూపించాల్సిందే.

తర్వాత మామూలు నీళ్లతో పరీక్ష. ట్యాంకు నింపి, స్టీమ్ గొట్టం కింద గిన్నె పెట్టి, స్టీమ్ నాబ్ తిప్పి బ్రూ స్విచ్ (కాఫీ కోసం పంపుని నడిపేది) వెయ్యండి. నీళ్లు ఆగకుండా ధారగా వచ్చేదాకా బాయిలర్ నిండనట్టే లెక్క. ఈ మిషన్ ఆన్ చేసిన క్షణం నుంచే వేడెక్కుతుంది, నీళ్లు లేని బాయిలర్ వేడెక్కితే హీటర్ పోతుంది. ఇప్పుడు నాబ్ కట్టేసి, కాఫీ పొడి వేసే హ్యాండిల్ పెట్టకుండా పైనుంచి వచ్చే నీళ్లు కొలవండి. 30 సెకన్లలో 150 మిల్లీలీటర్లకి తగ్గకూడదు. స్టీమ్ గొట్టంలోంచి బాగా వచ్చి, కాఫీ వచ్చే చోట చుక్కలుగా పడుతుంటే కాఫీ వైపు నీళ్ల దారిని కరెంటుతో తెరిచి మూసే సొలినాయిడ్ వాల్వ్ సన్నరంధ్రంలో సున్నం ముక్క ఇరుక్కుందన్నమాట. ఈ మోడల్‌కి అదే పెద్ద రోగం. రెండుచోట్లా రాకపోతే పంపులో గాలి చిక్కుకుని ఉండొచ్చు.

అసలు పని ఇప్పుడు. ట్యాంకులో నీళ్లు మెత్తబరిచే ఫిల్టర్ ఉంటే తీసెయ్యండి. కింద జల్లెడలా కనిపించే షవర్ స్క్రీన్‌ని స్క్రూ విప్పి పక్కన పెట్టండి, లేకపోతే ఊడి వచ్చిన పెచ్చులన్నీ దానికే అడ్డం పడతాయి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు. చెంచా లెక్క వద్దు, తూకం వేసుకోండి. పూర్తిగా కరగాలి. ఎక్కువ వేస్తే త్వరగా పోతుందనుకోవడం పొరపాటు: చిక్కటి ద్రావణాన్ని బాగా వేడిచేస్తే కాల్షియం సిట్రేట్ అనే కొత్త తెల్లపొడి పేరుకుని అదే దారులు మూసేస్తుంది. వెనిగర్ వాసన వదలదు, రబ్బరుకీ మంచిది కాదు. బాత్రూంలు కడిగే ఆమ్లాల జోలికి అసలే వెళ్లకండి. బ్లీచ్ పోసిన సింకులోకి ఈ నీళ్లు వదలకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

ద్రావణం ట్యాంకులో పోసి స్టీమ్ గొట్టంలోంచి 150 మిల్లీలీటర్లు, కాఫీ వచ్చే చోటునుంచి 150 మిల్లీలీటర్లు తీసి, మిషన్ ఆపేసి 10 నిమిషాలు ఆగండి. మళ్లీ అంతే. దాదాపు లీటరు అయ్యేదాకా ఇలా మూడు విడతలు. పంపుని నిమిషానికి మించి ఆడించకండి, మధ్యలో నిమిషం విశ్రాంతి ఇవ్వండి, చిన్న పంపు వేడెక్కి కాలిపోతుంది. ఆమ్లం ఉన్నంతసేపూ స్టీమ్ స్విచ్ వెయ్యొద్దు.

వచ్చే నీళ్లని తెల్ల గిన్నెలో పట్టండి. తెల్ల పెచ్చులు వస్తే పని జరుగుతున్నట్టే. నీలం, ఆకుపచ్చ రంగు తగిలితే రాగో ఇత్తడో కరుగుతోంది. బూడిదరంగు మడ్డి వస్తే అల్యూమినియం మీద అనుమానం. రెండింట్లో ఏది కనిపించినా ఆపి మంచినీళ్లతో కడగండి. నీళ్లు రావడం మధ్యలో ఆగిపోతే పంపుని బలవంతం చెయ్యకండి. ప్లగ్ తీసి, స్టీమ్ నాబ్ తెరిచి ఒత్తిడి వదిలించి, పూర్తిగా చల్లారాకే వాల్వ్ విప్పే ఆలోచన చెయ్యండి. చాలా సున్నం పట్టిన మిషన్‌కి ఒక్కరోజులో అంతా తీసేయాలని చూడకపోవడమే మేలు. పెద్ద పెచ్చులు ఒక్కసారిగా ఊడితే ఇరుకు దారులు మూసుకుపోతాయి. వారం ఆగి ఇంకోసారి చెయ్యండి.

కడగడం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 2013లో జర్మనీ ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ బీఎఫ్ఆర్, హ్యాండిల్ ఉన్న కొన్ని ఎస్ప్రెస్సో మిషన్లు సున్నం తీసిన తర్వాత సీసం (లెడ్) అనే విషలోహాన్ని ఎక్కువగా వదులుతున్నాయని చెప్పింది. ఇంట్లో గర్భిణులు, పిల్లలు ఉంటే మరీ జాగ్రత్త. రెండు ట్యాంకుల నీళ్లు రెండు దారుల్లోంచీ పూర్తిగా పోనివ్వండి. ఆమ్లం ఉంటే రంగు మారే పీహెచ్ కాగితంతో కుళాయి నీళ్లనీ, మిషన్ నీళ్లనీ పోల్చండి, రంగు ఒకటయ్యేదాకా కడగాలి. మొదటి రెండు కాఫీలూ పారబొయ్యండి.

ఇంకో గందరగోళం కూడా చాలామందికి ఉంటుంది. కాఫీ మడ్డి తీసే క్లీనింగ్ పొడి వేరు, సున్నం తీసే మందు వేరు. మొదటిది క్షారం, రెండోది ఆమ్లం. ఒకటి చేసే పని ఇంకోటి చెయ్యదు, రెండూ కలపనూ కూడదు. పాత మిషన్‌కి సాధారణంగా రెండూ కావాలి.

ఇక ముందు సున్నం పట్టకుండా ఉండాలంటే టెస్కో సూపర్‌మార్కెట్‌లో దొరికే యాష్‌బెక్ లాంటి మెత్తటి సీసా నీళ్లు పొయ్యండి. కుళాయి నీళ్లే అయితే ఫిల్టర్ జగ్గులో వడకట్టి, రెండు మూడు నెలలకోసారి పైన చెప్పిన పద్ధతి చాలు. పాలు నురగ చేశాక ప్రతిసారీ స్టీమ్ గొట్టంలోంచి నీళ్ల ధార వచ్చేదాకా బ్రూ స్విచ్ వేసి బాయిలర్‌ని తిరిగి నింపండి. ఆవిరి వెళ్లిపోయాక ఖనిజాలన్నీ మిగిలిన నీళ్లలోనే చిక్కబడి, గార అక్కడే మొదలవుతుంది.