గోధుమ ఒక రకం గుబురుగా, ఇంకో రకం పలచగా: యూరియా పెంచాలా?

మహారాష్ట్రలోని కిన్వట్ పక్క రేగడిలో ఒక రైతు ఒకే రోజు, ఒకే ఎరువుతో లోక్-1 అనే గోధుమ రకం, ఇంకో కొత్త రకం వేశారు. లోక్-1 చాళ్లు కమ్ముకున్నాయి, కొత్తది సన్నగా లేత రంగులో ఉంది, దానికి ఇంకో బస్తా యూరియా వేయాలా అని అడిగారు. ఇప్పుడే వేయకండి అన్నా. ముందు నాలుగు మొక్కలు తవ్వి చూడండి.

గింజ దగ్గర్నుంచి పచ్చదనం మొదలయ్యేదాకా ఉన్న తెల్లటి కాడను స్కేలుతో కొలవండి. విత్తనం పడ్డ లోతు అదే. 4–5 సెం.మీ. ఉంటే ఇబ్బంది లేదు. 7 దాటిందంటే తొలి ఆకు మట్టిలోనే తన మొలక తొడుగును (మొలకను మట్టిలోంచి పైకి తెచ్చే పొర) చీల్చుకుని, ముడతలు పడి, వంకరగా పైకొస్తుంది. ఆ మొక్క యూరియాతో కోలుకోదు.

ఇక్కడే జన్యువుల సంగతి వస్తుంది. మనం వేసే పొట్టి రకాల్లో చాలావాటికి జపాన్ గోధుమ రకం నోరిన్-10 నుంచి వచ్చిన పొట్టి జన్యువులే ఉన్నాయి. 1960లలో సోనోరా-64, లెర్మా రోహో అనే మెక్సికో రకాలతో ఇవి మన దేశానికి వచ్చాయి. పైరు పడిపోకుండా కాపాడేది ఇవే. కానీ మొక్క జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్‌కు సరిగా స్పందించదు, కణాలు సాగవు, దాంతో మొలక తొడుగు, తొలి ఆకులు కూడా కురచవుతాయి. నేల వేడిగా ఉన్నా, టెబుకొనజోల్ లాంటి విత్తనశుద్ధి మందు మోతాదు మించినా తొడుగు ఇంకా తగ్గుతుంది.

గింజ సైజు కూడా చూడాలి. లోక్-1 గింజ లావు, అందులో మొలకకు దాచిన తిండి ఎక్కువ. వెయ్యి గింజలు లెక్కపెట్టి కిరాణా కాంటా మీద తూయండి. 50 గ్రాములు తూగితే ఎకరానికి వేసే 40 కిలోల్లో 8 లక్షల గింజలు, 38 గ్రాములైతే పదిన్నర లక్షలు. అందుకని చేను నిండుగా ఉందా అని కాకుండా, ఒక్కో మొక్కకు ఎన్ని పిలకలొచ్చాయో రెండు రకాల్లోనూ పోల్చండి.

త్వరగా ఎదిగే రకం వేర్లు కూడా త్వరగా కొమ్మలేసి, పైపొరలోని నత్రజనిని ముందే లాగేస్తాయి. అంతమాత్రాన దిగుబడి దానిదే ఎక్కువని కాదు. నేల నుంచి నత్రజని తీసుకోవడం ఒక గుణం, తీసుకున్నదాన్ని ఆకు నుంచి గింజకు చేర్చడం ఇంకో గుణం. అడవి గోధుమ నుంచి వచ్చిన జీపీసీ-బీ1 జన్యువు ఉన్న రకాల్లో ఆకు ముందే పండి, గింజలో మాంసకృత్తులు పెరుగుతాయి. పైగా ఒకటి రెండు తడులతోనే సరిపెట్టే చేనులో మొదట్లో విపరీతంగా ఎదిగిన పైరు తేమంతా తాగేసి, ఫిబ్రవరి ఎండకు గింజ నింపలేక నొక్కుకుపోతుంది. మన వైపు దీన్నే ఎక్కువ పట్టించుకోవాలి.

నత్రజని నిజంగా తక్కువైతే ముందు కింది ముసలి ఆకు కొన నుంచి పసుపెక్కుతుంది, పై ఆకు పచ్చగానే ఉంటుంది. మొక్కంతా ఒకే లేత రంగులో ఉంటే రకం గుణం కావచ్చు. పత్తి కట్టెను రోటవేటర్‌తో నేలలో కలిపేసి ఉంటే మాత్రం కొరత నిజమే అయి ఉండొచ్చు. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని పట్టుకుంటాయి. సోయా తీసిన చేనులో ఈ బెడద తక్కువ.

తేల్చుకోవడానికి ఒక్కో రకంలో ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) గుర్తుపెట్టి, 1.1 కిలోల యూరియా అదనంగా చల్లి వెంటనే తడి ఇవ్వండి. 10–12 రోజుల్లో ఆ గుంట పక్క చేనుకన్నా ముదురు పచ్చగా మారితే కొరత ఉన్నట్టే. రంగులో తేడా రాకపోతే డబ్బులు మిగిలినట్టే.

మామూలు మోతాదు ఎంతంటే, నీటి వసతి ఉన్న చేనుకు, నవంబరు మొదటి పక్షంలో వేస్తే ఎకరానికి 48 కిలోల నత్రజని. అంటే విత్తేటప్పుడు డీఏపీ 50 కిలోలు, యూరియా 32 కిలోలు. 18–21 రోజులకు కిరీటపు వేర్లు (కాండం మొదట్లోంచి పుట్టే అసలు వేర్లు) వచ్చే దశలో తడితో పాటు యూరియా 52 కిలోలు. ఈ తడి తప్పితే ఏ రకమైనా పిలకలు సరిగా పెట్టదు. మొదటి దఫాలోనే అంతా గుమ్మరిస్తే మాత్రం గుబురుగా ఉన్న లోక్-1 గింజ నిండే వేళ గాలికి పడిపోతుంది.