నాలుగో పేజీ మార్జిన్‌లో

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథా, ఉత్తరమూ చేరాయి. కథ బాగుంది. ఉత్తరం మాత్రం రెండు రోజులు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. "ఏడేళ్లుగా రాస్తున్నాను, ఒక్కటీ అచ్చు కాలేదు, ఇంతవరకూ ఏమీ సాధించలేదు" అన్నావు. ఆ చివరి మాట అబద్ధం. రుజువు నీ రాతప్రతిలోనే ఉంది.

నాలుగో పేజీ తియ్యి. కొడుకు ఫోన్ పెట్టేశాక తల్లి ఏం చేసిందో చెప్పే చోటు. ముందు "ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది" అని రాసి కొట్టేశావు. దాని మీద "కళ్లనీళ్లు పెట్టుకుంది" అని రాసి, అదీ కొట్టేశావు. చివరికి మార్జిన్‌లో సన్నటి అక్షరాలతో "ఫోన్‌ని అరచేత్తో తుడిచి ఛార్జింగ్‌కి పెట్టింది" అని ఉంది. అక్కడ ఆగిపోయాను. ఆవిడ మళ్లీ ఫోన్ వస్తుందని ఎదురు చూస్తోందని నువ్వెక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా చేశావు.

ఆ వాక్యం కుదిరినప్పుడు ఏం చేశావమ్మా? కలం పక్కన పెట్టి కాసేపైనా సంతోషపడ్డావా? నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఏ పత్రికకు పంపాలి, పోటీ గడువు ఎప్పుడు, కలం పేరు పెట్టుకోవాలా, ఇవే ఉన్నాయి. ఈ పోటీల గొడవ వచ్చాక అందరూ చివరి పేరాలో మెలిక పెట్టడం మీదే పడ్డారు. మధ్యలో వాక్యం ఎలా నడుస్తోందో పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. నాకది చాలా బాధగా ఉంటుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. నీ వయసులో ఒక ముసలావిడ కథ రాశాను. మొత్తం ఆవిడ నోటితోనే నడుస్తుంది. చివర్లో భర్త మంచం దగ్గర దీపం ఆరిపోవాలి. "దీపం ఆరిపోయింది" అని రాశాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియదు. రెండు రోజులు అదే వాక్యం చుట్టూ తిరిగాను. రెండో రోజు రాత్రి తట్టింది: ఆవిడ ఆ మాట అనదు. చచ్చినా అనదు. "దీపం కొండెక్కింది" అంటుంది. ఆ ఒక్క మాట మార్చగానే ఆవిడ గొంతు కథంతా వినిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి ఎవరూ లేరు, గదిలోనే అటూ ఇటూ తిరిగాను. పదకొండు నెలల తర్వాత కథ అచ్చయింది. ఆత్రంగా చివరి పేజీ తెరిస్తే "దీపం ఆరిపోయింది" అని ఉంది. సంపాదకుడు దిద్దాడు! ఒక్క మాటైనా అడగలేదు. నాకా కోపం ఇవాళ్టికీ పోలేదు. కానీ చూడు, అచ్చులో నా మాట పోయింది గానీ, ఆ రాత్రి ఎక్కడికీ పోలేదు.

జర్మన్ భాషలో కథలు రాసిన కాఫ్కా సంగతి తెలుసా? 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని, తెల్లారి ఆరింటిదాకా ఒకే బిగిన ఒక కథ రాశాడు. కాళ్లు బిగుసుకుపోయి బల్ల కింద నుంచి తీయడమే కష్టమైందట. వణుకుతూ చెల్లెళ్ల గదిలోకి వెళ్లి చదివి వినిపించాడు. ఇదంతా డైరీలో రాసుకున్నాడు. కథ అచ్చయింది మాత్రం 1913లో. ఆ సంబరం కోసం అతను అచ్చు దాకా ఆగలేదు.

అమెరికన్ రచయిత హెమింగ్వే ఏ రోజు ఎన్ని మాటలు రాశాడో ఒక అట్ట మీద వేసుకునేవాడు: 450, 575, 462, 1250, 512. ఆ పద్ధతి నాకు నచ్చదు. 1250 మాటల్లో ఒక్కటీ కుదరని రోజులుంటాయి, ఒక్క మాట కొట్టేసి లేచినా కడుపు నిండే రోజులుంటాయి. అందుకే నేనొక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ వేసి, ఆ రోజు ఏది కుదిరిందో ఒక్క ముక్క రాస్తాను. "మూడో పేరా మొత్తం అనవసరమని తెలిసింది." "తండ్రి పాత్ర మొదటిసారి నేను అనుకోని మాట అన్నాడు." అంతే. ఎవరికీ చూపించను, ఫోన్‌లో పెట్టి లైకుల కోసం చూడను. రాసినదాన్ని మర్నాడు కొట్టేసినా ఆ ముక్క మాత్రం అలాగే ఉంచుతాను. కథ తిరిగొచ్చిన రోజున ఆ పేజీలు తిప్పితే, మళ్లీ బల్ల దగ్గర కూర్చోబుద్ధేస్తుంది.

నువ్వు కూడా ఇవాళే మొదలుపెట్టు. మొదటి పేజీలో ఆ ఛార్జింగ్ వాక్యం రాసుకో.

రెండో పేజీలో వాన వర్ణన తీసెయ్యి, కథకి దానితో పని లేదు. నాలుగో పేజీ తిరిగి పంపుతున్నాను, ఫెయిర్ కాపీ అయిపోయాక చింపెయ్యకు. ఇకముందు పంపేటప్పుడు కూడా టైప్ చేసిన ఫైల్ వద్దు. కొట్టివేతలతో సహా రాతప్రతే పంపు.

నీ శ్రేయోభిలాషి