రబ్బరు సాగుతుంది కదా, మరి ఉక్కుకు స్థితిస్థాపకత ఎక్కువేమిటి?

సందేహం: గురువుగారూ, బొబ్బిలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. ‘రబ్బరు కన్నా ఉక్కుకు స్థితిస్థాపకత ఎక్కువ’ అనగానే క్లాసంతా నవ్వుతుంది. ఆ పెద్ద మాట తీసేసి ‘సాగే గుణం’ అని రాయిస్తే తప్పా? వేడికి కలిగే వ్యాకోచాన్ని కూడా ‘సాగడం’ అనొచ్చా? పిల్లలు ‘ఇనుము వ్యాకోచం చెందబడుతుంది’ అని రాస్తే ఒప్పుకోవాలా?

సమాధానం: అమ్మా, ‘సాగే గుణం’ వాళ్ల బుర్రలో ముందే ఉంది కాబట్టే నవ్వుతున్నారు. మీరూ అదే రాయిస్తే ఆ నవ్వుకు సర్టిఫికెట్ ఇచ్చినట్టే. బనియను మెడ సాగిపోయిందంటాం. అంటే ఏమిటి? ఇక వెనక్కి రాదని. మన వాడుకలో ‘సాగు’ పొడవు పెరగడం గురించే చెబుతుంది, తిరిగి రావడం గురించి కాదు. స్థితిస్థాపకతకు ఆ తిరిగి రావడమే ప్రాణం.

మాట మన తర్కశాస్త్రం నుంచి వచ్చింది. అన్నంభట్టు తర్కసంగ్రహంలో సంస్కారమనే గుణం మూడు రకాలని చెబుతాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. రూపు మార్చినదాన్ని మళ్లీ మునుపటి స్థితిలో నిలిపేది స్థితిస్థాపకమని, అది చాపలాంటి వాటిలో ఉంటుందని అక్కడి వివరణ. చుట్టి ఉంచిన కొత్త చాపను పరిచి చెయ్యి తీస్తే అంచు మళ్లీ చుట్టుకుంటుందే, అది. భౌతికశాస్త్రం ఈ మాటను తీసుకుని దానికి కొలత చేర్చింది. పొడవులో ఒకే వంతు మార్పు, అంటే ఒకే వికృతి, తేవాలంటే రబ్బరు కన్నా ఉక్కును ఎన్నో రెట్లు బలంగా లాగాలి. ఉక్కు అంత గట్టిగానూ వెనక్కి లాగుతుంది. ఈ బిగువును కొలిచే సంఖ్యే యంగ్ గుణకం, ఉక్కుకు అది సుమారు 2×10¹¹ పాస్కల్స్. రబ్బరుది దానికి వేల రెట్లు తక్కువ. ‘ఎక్కువ’ అన్నది ఈ లెక్కలో. అయితే తిరిగి రాగల అవధి దాటి లాగితే ఉక్కు కూడా బనియనే.

పిల్లలకు చూపించాలంటే బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి మీ పక్కనే ఉంది. వీణ తీగను మీటితే పక్కకు జరిగి తిరిగి వస్తుంది, అది స్థితిస్థాపకత. మెట్లు నిలబెట్టిన మైనాన్ని వేలితో నొక్కితే నొక్కు అలాగే ఉండిపోతుంది, దానికి ఆ గుణం లేదు. అదే వీణను ఎండ తగిలే చోట పెడితే శ్రుతి దిగుతుంది. పనస చెక్క కన్నా ఉక్కు తీగ ఎక్కువ పెరిగి, దానిలో తన్యత, అంటే బిగువు, తగ్గుతుంది. మీటరు తీగ 10 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 0.12 మిల్లీమీటరు. కంటికి ఆనదు గాని చెవి పట్టేస్తుంది.

ఇక్కడే మీ రెండో ప్రశ్నకూ జవాబుంది. లాగితే సాగుతుంది, వేడికి పెరుగుతుంది. ఎవరూ లాగకుండానే పెరిగినదాన్ని ‘సాగింది’ అంటే కారణం తారుమారవుతుంది. పైగా బరువు వేలాడదీసిన రబ్బరును వేడిచేస్తే పొట్టిదవుతుంది! అందుకే ‘వేడికి పెరగడం’ అనండి, నాకు అభ్యంతరం లేదు. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించే కమ్మరి పని చెప్పేటప్పుడు వ్యాకోచం అనక్కర్లేదు. కాల్చితే పెరుగుతుంది, నీళ్లు పోస్తే బిగుస్తుంది, చాలు. 4.5 మీటర్ల చుట్టుకొలత ఉన్న పట్టా 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 27 మిల్లీమీటర్లు పెరుగుతుందని లెక్క కూడా కట్టించండి. నిర్వచనం రాసేచోట మాత్రం వ్యాకోచం, సంకోచం ఉంచండి. సంకోచం అంటే మొహమాటమేగా అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి, ముడుచుకోవడం రెండిట్లోనూ ఉంది.

‘వ్యాకోచం చెందబడుతుంది’ తప్పే. చెందేది ఇనుమే అయినప్పుడు ‘బడు’తో పనేముంది? ‘వ్యాకోచిస్తుంది’, ‘వ్యాకోచం చెందుతుంది’ రెండూ ఒప్పు. కాకపోతే అది తెలుగు తప్పు, ఫిజిక్స్ తప్పు కాదు. గుర్తు పెట్టండి గాని మార్కు కోయకండి.