సమాచార హక్కు దరఖాస్తుకు ‘ఇది సమాచారం కిందకు రాదు’ అని జవాబు వస్తే ఏం చేయాలి?

ఏడాదికే పగిలిన సిమెంటు రోడ్డు గురించి మీరు ‘నాసిరకంగా ఎందుకు వేశారు, బాధ్యులెవరు, ఏం చర్య తీసుకుంటారు’ అని అడిగారు. వాళ్లు ‘మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకున్నారు. ఒళ్లు మండే జవాబే. కానీ చట్టం చూస్తే వాళ్ల వైపే కాస్త బలం ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం మనకిచ్చింది రికార్డు చూసే హక్కు. అధికారి చేత సంజాయిషీ రాయించుకునే హక్కు కాదు. ఉన్న కాగితం ఇవ్వాలి తప్ప, లేనిది కొత్తగా తయారు చేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో చెప్పింది.

అందుకే ఆ జవాబు మీద అప్పీలుకు వెళ్లి నెలలు పోగొట్టుకోకండి. కొత్త దరఖాస్తు పెట్టండి. అందులో ‘ఎందుకు’ అన్న మాటే ఉండకూడదు, కాగితాల పేర్లు ఉండాలి: ఆ పని అంచనా పత్రం, మంజూరు ఉత్తర్వులు, కాంట్రాక్టరుతో కుదిరిన ఒప్పందం, ఎం-బుక్ (కొలతల పుస్తకం), నాణ్యత పరీక్షల నివేదికలు, చెల్లించిన బిల్లులు. అన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లు కావాలని రాయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10.

వీటిలో నా దృష్టిలో ప్రాణం ఎం-బుక్. ఇంజినీరు పని జరిగిన చోట కొలిచి పొడవు, వెడల్పు, మందం రాసి సంతకం చేసే పుస్తకం అది. దాన్ని బట్టే బిల్లు తయారవుతుంది. మా వీధి రోడ్డు విషయంలో నేను నకళ్లతో పాటు రికార్డుల పరిశీలన కూడా కోరాను. సెక్షన్ 2(జె) కింద ఆ హక్కు ఉందని చాలామందికి తెలియదు. గుమాస్తా ఎదురుగా కూర్చుని పుస్తకం నా ముందు పెట్టాడు. మందం గడిలో మొదటి నుంచి చివరి దాకా ఒకటే అంకె, 0.15 మీటర్లు, అంటే దాదాపు ఆరు అంగుళాలు. ఎక్కడా ఒక్క సెంటీమీటరు తేడా లేదు! రోడ్డు అంచున మట్టి తీసి టేపు పెడితే చాలా చోట్ల నాలుగు అంగుళాలు కూడా లేదు. బాధ్యులెవరని వేరే అడగాల్సిన పనేముంది, సంతకం అక్కడే ఉంది.

ఈసారి వాళ్లు చెప్పే సాకులు ఎలా ఉంటాయో కూడా తెలుసుకోండి. ‘ఇది మూడో వ్యక్తి సమాచారం, కాంట్రాక్టరు ఒప్పుకోలేదు’ అంటారు. కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పినంత మాత్రాన సరిపోదు. ఏ మినహాయింపు కింద నిరాకరిస్తున్నారో అధికారి రాయాలి; అప్పీలులో ఆ నిరాకరణ సరైనదని నిరూపించాల్సిందీ ఆయనే. ‘ఈ ఫైలు మా దగ్గర లేదు, వేరే కార్యాలయంలో ఉంది’ అంటే, దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాల్సిన బాధ్యత కూడా వాళ్లదే. ‘ఇదంతా మీకెందుకండీ’ అని అడిగితే నవ్వి ఊరుకోండి. కారణం చెప్పాలన్న నియమం లేదు.

30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే నిరాకరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్‌లో మీ వంతు వచ్చేసరికి ఓపిక నశిస్తుంది, ముందే చెబుతున్నాను. అయినా రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా అధికారి మీద జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది, ఆ భయం కొంత పని చేస్తుంది. ఇంకో చిట్కా వాళ్లది: గడువు ముగిసే ముందు ‘నకళ్లకు ఇంత కట్టండి’ అని ఉత్తరం పంపుతారు. మీరు కట్టేదాకా పట్టిన రోజులు ఆ 30లోకి రావు. వెంటనే కట్టి రశీదు దాచుకోండి.

నాకు దరఖాస్తు పెట్టాక మొదట వచ్చిన ఫోను కార్యాలయం నుంచి కాదు, కాంట్రాక్టరు మనిషి నుంచి. నా నంబరు అతనికి ఎలా చేరిందో మీరే ఊహించుకోండి. అందుకే మీ వీధిలో మరో ఇద్దరు ముగ్గురి చేత విడివిడిగా ఇదే దరఖాస్తు పెట్టించండి. ఒక్కరి మీద ఒత్తిడి తెచ్చి ప్రయోజనం ఉండదని వాళ్లకు అర్థమవుతుంది.

కాగితాలు చేతికొచ్చాక ముందు ఒప్పందం తీసి లోపాల బాధ్యత గడువు చూడండి. ఆ గడువులో బయటపడిన లోపాలను కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచేయాలి, అతని డిపాజిట్ సొమ్ము సాధారణంగా అప్పటిదాకా శాఖ దగ్గరే ఉంటుంది. మా రోడ్డు మళ్లీ వేయలేదు కానీ, ఎం-బుక్ నకలు, ఫొటోలు జతచేసి పై ఇంజినీరుకు ఫిర్యాదు ఇచ్చాక ఆ సొమ్ము విడుదల ఆగింది. మీది వేసి ఏడాదే కాబట్టి గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు. కొత్త దరఖాస్తులో ఒప్పందం నకలును మొదటి అంశంగా రాయండి.