ఫైళ్ల వెంట బయల్దేరిన మా తమ్ముడి కూతురికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరు ఉద్యోగం మానేసి, ప్రభుత్వాలు దాచిపెట్టే కాగితాల మీద పుస్తకం రాస్తానంటున్నావట. వాడి గొంతు నిండా టెన్షనే. నాకైతే ముందు గర్వం కలిగింది. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్యే గడిపినవాణ్ణి, నీకు నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

తెలిసినవే ముందు రాసేస్తాను. సమాచార హక్కు దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండోది. గడువులు క్యాలెండర్ మీద రాసుకో, ఫోన్‌ని నమ్ముకోకు.

"ఎందుకు చేశారు" అని మాత్రం అడగొద్దు. ఆఫీసులో ఉన్న కాగితాన్ని అడిగితేనే ఇవ్వాలి. ఫైలు నంబరు వేసి, "నోట్ ఫైలు, కరెంట్ ఫైలు రెండూ కావాలి" అని రాయి. మొదటిదాంట్లో అధికారుల అభిప్రాయాలు, రెండోదాంట్లో ఉత్తరాలు ఉంటాయి. నంబరు తెలియకపోతే ముందు ఆఫీసులో ఆ సెక్షన్ పర్సనల్ రిజిస్టర్, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసే పుస్తకం, చూస్తానని అడుగు. రికార్డులు తనిఖీ చేసే హక్కు నీకుంది. ఎల్.డిస్. అని, అంటే ఎక్కువకాలం ఉంచక్కర్లేదని, గుర్తు వేసి ముగించిన ఫైళ్లు కొద్దికాలానికే చింపేస్తారు, కాబట్టి ఆలస్యం చేయకు.

రహస్యం ఎలా పెరుగుతుందో లోపల కూర్చుని చూశాను. పెద్ద కుట్రలేం అక్కర్లేదు. కాగితం మీద "కాన్ఫిడెన్షియల్" ముద్ర వేసినందుకు ఎవరికీ మెమో రాదు, వేయనందుకు వస్తుంది. అందుకని భయం ఉన్నవాడల్లా వేస్తాడు. వేసిన ముద్ర తీసేయమని మళ్లీ ఎవరూ అడగరు. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో అసలు రహస్యం అంటే ఏమిటో నిర్వచనమే లేదు. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పాలనా సంస్కరణల కమిషన్ ఆ చట్టాన్ని రద్దు చేయమని 2006లోనే చెప్పింది. అది ఇప్పటికీ ఉంది. చైనాతో 1962 యుద్ధంలో మన వైఫల్యాల మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం నేటికీ అధికారికంగా బయటపెట్టలేదు. దాచాల్సినవి నిజంగానే కొన్ని ఉంటాయి. సైన్యం కదలికలు, సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు బయటికి రాకూడదు. కానీ చెరువు బిల్లుల్లో దాచడానికి ఏముంది?

చెరువు బిల్లులంటే గుర్తొచ్చింది. ఈ సంగతి కాస్త జాగ్రత్తగా చదువు.

నేను పనిచేసిన ఊళ్లో ఒక హైస్కూలు మాస్టారు ఉండేవారు. సమాచార హక్కు వచ్చిన కొత్తల్లో, చెరువు మరమ్మతుల మీద జరిగిన విచారణ నివేదిక కావాలని దరఖాస్తు పెట్టారు. "కాన్ఫిడెన్షియల్ కనుక ఇవ్వలేము" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. ఆ ముక్క చెల్లదు. ఏవి ఇవ్వక్కర్లేదో చెప్పే సమాచార హక్కు చట్టం సెక్షన్ 8లో ఏ క్లాజు కింద ఆపుతున్నారో రాసి తీరాలి. ఒకవేళ ఏదైనా క్లాజు వర్తించినా, ప్రజాప్రయోజనం ఎక్కువని తేలితే 8(2) కింద ఇవ్వొచ్చు. పాత రహస్యాల చట్టం అడ్డొస్తే సెక్షన్ 22 ప్రకారం సమాచార హక్కుదే పైచేయి. మాస్టారు అప్పీలుకి వెళ్లాల్సింది. ఆయనకి ఓపిక లేకపోయింది.

మా పక్క సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ ఆయన పాత శిష్యుడు. గురువు అడిగితే కాదనలేక సాయంత్రం ఫైలు బయటికి తీసుకెళ్లి జిరాక్స్ తీయించి ఇచ్చాడు. మాస్టారు దాన్ని కాపీలు తీయించి ఊరంతా పంచారు. పై మూలన ఆ కుర్రాడు సెక్షన్ వాడకానికి రాసుకున్న అంకె కాపీల్లో అలాగే వచ్చింది. ఎవరిచ్చారో ఆ పూటే తెలిసిపోయింది. సస్పెన్షన్, సగం జీతం, ఏళ్ల తరబడి విచారణ. చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోయింది. మాస్టారు ఆఫీసు మెట్ల దాకా వచ్చి, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక తిరిగి వెళ్లిపోయేవారు. మంచి మనిషి తల్లీ. ఊరి కోసమే చేశారు. కొన్నాళ్లకి మరొకాయన అదే నివేదిక కోసం అప్పీలు చేస్తే, సెక్షన్ 10 కింద సాక్షుల పేర్లు కొట్టేసి మిగతాదంతా చేతికిచ్చారు!

అందుకే చెబుతున్నాను. రేపు ఎవరో నీ ఫోన్‌కి ఒక ఫైలు ఫోటో పంపుతారు. సంబరపడి మరొకరికి పంపావో, నా దగ్గర చీవాట్లు తింటావు. అందులోని ఫైలు నంబరు, తేదీ రాసుకుని ఆ కాగితాన్ని దరఖాస్తుతో దర్జాగా అడుగు. ఇచ్చినవాడి కుటుంబం ఏమవుతుందో గుర్తుంచుకో. పుచ్చుకున్నవాళ్లకి కూడా 1923 చట్టం సెక్షన్ 5 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. ఢిల్లీలో ఇఫ్తికార్ గిలానీ అనే విలేకరిని 2002లో ఆ చట్టం కిందే పట్టుకున్నారు. ఆయన దగ్గర దొరికింది అందరికీ అందుబాటులో ఉన్న కాగితమే. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకునేలోపు ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో, పత్రికల్లో వచ్చిన రహస్య పత్రాలను చూడొచ్చని 2019లో సుప్రీంకోర్టు అంది, నిజమే. అంతదాకా పోరాడటానికి వెనక ఎంత బలం కావాలో ఆలోచించు.

రోజులు కూడా మారాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది, మళ్లీ 2024లో మొదలైంది. అంటే ఎప్పుడైనా ఆగొచ్చు. దొరికిన జీవో దొరికినట్టే దింపి దాచుకో. 2023 డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారం గురించిన సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని మార్చింది. ఇకమీదట "వ్యక్తిగత సమాచారం" అన్న జవాబు నీకు చాలాసార్లు వస్తుంది. అప్పుడు 8(2) గుర్తుచేస్తూ, ప్రజలకు దానితో ఏం పనో వివరంగా రాయి.

ఇంకొక్కటి. ఇసుక, భూములు, గనుల ఫైళ్ల కోసం ఒక్కదానివే ఏ ఊరికీ వెళ్లకు. సమాచార హక్కు కార్యకర్తలనే, పుణె దగ్గర సతీశ్ శెట్టిని, అహ్మదాబాద్‌లో అమిత్ జెఠ్వాను 2010లో చంపేశారు. భోపాల్‌లో షెహ్లా మసూద్‌ని ఆ మరుసటి ఏడాది. నిన్ను ఆపడానికి ఇవి రాయడం లేదు. మానేయమని మీ నాన్న అంటాడు, నేను అనను. ఎక్కడికి వెళ్తున్నావో, ఎవరిని కలుస్తున్నావో నాకు మెసేజ్ పెట్టు. వేళకి తిను.

మొదటి దరఖాస్తు ముసాయిదా నాకు పంపు, దిద్ది వెంటనే తిప్పి పంపుతాను. కమిషన్ నుంచి విచారణ నోటీసు వస్తే తేదీ ముందే చెప్పు. ఆ రోజు నేనూ నీతో వస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న